సాక్షిగా వదిలిన చోటు

కలినోవ్ కోట చూడ్డానికి వచ్చినవాళ్ళకి గైడు అప్పజెప్పే పాఠం ఒకటుంది. హెద్వికాకి అది నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా వస్తుంది. కోట కట్టించింది యారోస్లావ్ దొర. కొత్త పెళ్ళాం ముచ్చట తీర్చడానికి పాత బురుజులు పడగొట్టించి, ఇటలీ నుంచి మేస్త్రీలని రప్పించాడు. వాళ్ళు ఎండలో పుట్టి పెరిగినవాళ్ళు. లోపలి వాకిలి చుట్టూ మూడంతస్తుల స్తంభాల వరండాలు కట్టేసి తమ దారిన తాము పోయారు. మొరావియా చలిలో ఆ వరండాల్లో ఎవరు కూర్చుంటారని వాళ్ళలో ఒక్కడూ ఆలోచించినట్టు లేదు. దొర కొడుకు తెల్లకొండ యుద్ధంలో సరిగ్గా ఓడిపోయే పక్షాన చేరాడు. కోట గెలిచిన చక్రవర్తి సేనాపతి చేతికి పోయింది. ఆ సేనాపతి వంశం మూడు వందల ఏళ్ళు అందులో పియానో వాయించుకుంటూ, జింకల్ని వేటాడుకుంటూ గడిపింది. తర్వాత పెద్ద యుద్ధం, తర్వాత సర్కారు.

ఇక్కడికి వచ్చేసరికి పాఠంలో ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. "ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఈ భవనం సాంఘిక అవసరాలకు ఉపయోగపడింది." హెద్వికా ఈ మాటని ఎప్పుడూ గ్రంథాలయం తలుపు తాళం తీస్తూ చెప్పేది. ఆ తాళం ఇనపముద్ద. అది తిరిగే చప్పుడులో వాక్యం ఎవరికీ వినబడేది కాదు. వినబడలేదు, మళ్ళీ చెప్పమని అడిగినవాళ్ళూ లేరు.

సాంఘిక అవసరాలంటే ఆమె తమ్ముడు రాదిమ్. బుద్ధి ఎదగని మగపిల్లల కోసం సర్కారు ఆ కోటలో శరణాలయం పెట్టింది. చూసుకోవడానికి, మఠాల్లోంచి ఖాళీ చేయించిన క్రైస్తవ సన్యాసినుల్ని, సిస్టర్లని తెచ్చి పెట్టింది. రాదిమ్‌ని తొమ్మిదో ఏట అక్కడ చేర్చారు. జుట్టు నెరిసే దాకా అక్కడే ఉన్నాడు. శరణాలయం మూసేశాక ఊళ్ళో చర్చి వెనకాల ఒక చిన్న ఇంట్లో మరో నలుగురితో కలిపి ఉంచారు. ఈ ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయాడు.

దహనం రోజున హెద్వికా ఏడవలేదు. పూలదండ రిబ్బను మీద పేరు వంకరగా అతికించారని దుకాణం అమ్మాయికి చూపించి సరిచేయించింది. ఇంటికొచ్చి బంగాళాదుంపల సూపు కాచుకుంది. ఉప్పు వేసిందో లేదో తెలియలేదు. రెండోసారి వేసింది, అప్పుడూ తెలియలేదు. ఆ రోజు నుంచి ఏది తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉంది. ఆమెకి ఏమీ అనిపించడం లేదు. ఏమీ అనిపించనందుకు బెంగ కూడా పుట్టలేదు. ఏప్రిల్‌లో కోట తలుపులు తెరిచారు, ఆమె వెళ్ళి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. అంతకన్నా సులువైన పని ఇంకోటి లేదు.

సోమవారాలు కోటకి సెలవు. మే నెలలో ఒక సోమవారం ఆమె పెద్ద హాలులోకి వెళ్ళింది. ఆ హాలు ఇన్నేళ్ళూ విరిగిన కుర్చీలు దాచుకునే గదిగా పడి ఉంది. ఇప్పుడు దాన్ని పెళ్ళిళ్ళకి సిద్ధం చేస్తున్నారు. మొదటి పెళ్ళి వచ్చే శనివారమే. గోడల దగ్గర బ్లాంకా మోకాళ్ళ మీద కూర్చుని పని చేస్తోంది. పాతకాలపు గోడ బొమ్మలు బాగుచెయ్యడం ఆమె వృత్తి. బ్ర్నో నగరం నుంచి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక గింజ నములుతూ ఉంటుంది.

హాలు చుట్టూ భుజాల ఎత్తు వరకూ ఆకుపచ్చ ఆయిల్ పెయింట్. ఆ రోజుల్లో దేశంలో ఆస్పత్రి గోడైనా, బడి గోడైనా, పోలీసు స్టేషను గోడైనా అదే రంగు, అదే ఎత్తు. తడిగుడ్డ పెట్టి తుడిస్తే సరిపోతుందని. దాని కింద నాలుగు వందల ఏళ్ళ నాటి వేట బొమ్మలున్నాయి. బ్లాంకా సన్నటి కత్తితో పచ్చరంగు లేపుకుంటూ, చలి కాచుకునే పొయ్యి వైపు నుంచి చాలా దూరం వచ్చేసింది. గుర్రాలు, కొమ్ముబూరలు, చేతి మీద డేగ పెట్టుకున్న దొరసాని బయటపడ్డారు. కిటికీ వైపు మాత్రం ఇంకా పచ్చగా ఉంది.

"రండి హెద్వికా గారూ," అంది బ్లాంకా తల తిప్పకుండా. "ఈ గోడ నా ప్రాణం తీస్తోంది. ఎవరో పుణ్యాత్ముడు ఇక్కడ వెన్న పూశాడు."

"వెన్నా?"

"వెన్నో, పందికొవ్వో. ఒకసారి పూసింది కాదు, ఏళ్ళ తరబడి పూసినట్టుంది. రంగులోకి ఇంకిపోయింది. వారం రోజులుగా దూది పెట్టి లాగుతున్నాను, లాగేకొద్దీ వస్తోంది. బొమ్మ ముఖమంతా పోయింది, రేపు కొత్తగా గియ్యాలి." ఆమె చేత్తో కింద ఎక్కడో చూపించింది. అటు చూసే ఆసక్తి హెద్వికాకి లేదు. ఆమె వేరే పని మీద వచ్చింది.

గోడలు బాగుచేసేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. పై పొర అంతా తీసేసినా ఒక అరచేతి మేర చదరాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. అంతకు ముందు గోడ ఎలా ఉండేదో రేపొచ్చేవాళ్ళకి తెలియాలని. దాన్ని వాళ్ళు సాక్షి అంటారు. మామూలుగా తలుపు వెనకాలో, మూలలోనో, ఎవరి కంటా పడని చోట వదులుతారు.

"సాక్షిని ఎక్కడ వదులుతున్నారు?" అని అడిగింది హెద్వికా.

"తలుపు వెనక. ఏం?"

"నా తమ్ముడి మంచం ఉన్న చోట వదలండి."

బ్లాంకా గింజ నమలడం ఆపింది. హెద్వికా గోడకేసి చూపించింది. మిగిలిన పచ్చరంగులో, తలగడ ఎత్తున, వరసగా మసక మచ్చలున్నాయి. ప్రతి మంచం దగ్గరా ఒక తల, ఒక చెయ్యి, ఏళ్ళ కొద్దీ రాసుకుని రంగు అరిగిపోయిన గుర్తులు. శనివారానికల్లా ఇవేవీ ఉండవు. ఆమెకి కావలసిందల్లా రాదిమ్ పడుకున్న ఆ ఒక్క చోటు చెరిగిపోకుండా ఉండటం. అది కూడా బాధతో అడగలేదు. బజారుకి వెళ్ళేవాళ్ళతో ఒక రొట్టె తెమ్మని చెప్పినంత మామూలుగా అడిగింది. కాని ఫిబ్రవరి తర్వాత ఆమె నోరు తెరిచి కావాలని అడిగింది అదొక్కటే.

ఇంతలో కోట మేనేజరు హినెక్ బల్లలు కొలుచుకుంటూ వచ్చాడు. మాట విని టేపు చుట్టేశాడు.

"నీ తమ్ముడంటే నాకూ ఇష్టమే హెద్వికా. కాని పెళ్ళికూతురు వెనక ఆస్పత్రి గోడ కనబడిందనుకో, ఫోటోలు చూసినవాళ్ళు రోగం ఎవరికని అడుగుతారు."

"అరచేతంతే కదా."

"అరచేతంతదే కంట్లో పడేది. నా పెళ్ళి ఫోటోల్లో మా మామ పళ్ళు తప్ప ఇంకేం కనబడవు. అరచేతిలో సగం కూడా ఉండవవి."

"సాక్షి ఎక్కడుండాలో చెప్పాల్సింది నేను హినెక్ గారూ, మీరు కాదు," అంది బ్లాంకా. "మీరు కుర్చీలు చూసుకోండి." తర్వాత హెద్వికా వైపు తిరిగింది. "సరే. ఏ మంచం? చూపించండి. రేపు పొద్దున గీకుతూ ఇక్కడికి వచ్చేస్తాను."

హెద్వికా గోడ పొడవునా చూసింది. ఒక మచ్చ, దాని పక్కన ఇంకో మచ్చ.

"తెలీదు," అంది.

నెలకొక ఆదివారం అమ్మతో కలిసి వచ్చేది. అమ్మ పోయాక ఒక్కతే వచ్చేది. మొదట్లో ప్రతి నెలా, తర్వాత వీలైనప్పుడు. కాని చుట్టాలని కింద వరండా దాటి పైకి రానిచ్చేవారు కాదు. సిస్టర్ వచ్చి రాదిమ్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ఆ ఇటలీ వరండాలో, చలికి పళ్ళు కొట్టుకుంటుంటే, బెంచీ మీద ముగ్గురూ కూర్చునేవారు. అన్నేళ్ళలో తమ్ముడు ఎక్కడ పడుకుంటాడో ఆమె చూడలేదు. అడగనూ లేదు.

"గైడు గారికే తెలీదా?" అన్నాడు హినెక్. ఎగతాళిగా అందామని మొదలుపెట్టినవాడు సగంలో గొంతు తగ్గించాడు.

చర్చి వెనక ఇంట్లో రాదిమ్‌తో పాటు ఉన్నవాళ్ళలో లుబోష్ ఒకడు. కోటలో కూడా రాదిమ్‌తోనే పెరిగాడు. హెద్వికా వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు.

"రాదిమ్ వాళ్ళక్కా, రాదిమ్ లేడు," అన్నాడు ఆమెని చూడగానే.

"తెలుసురా. నీ కోసమే వచ్చాను. కోటకి వస్తావా?"

"పడుకోవాలా?"

"పడుకోనక్కర్లేదు. చూసి వచ్చేద్దాం."

"సాయంత్రానికి వచ్చేస్తామా? సాయంత్రం డంప్లింగులు."

"వచ్చేస్తాం."

రాదిమ్ కూడా ఒకప్పుడు అచ్చం ఇదే అడిగాడు. కోట జనానికి తెరిచిన కొత్తల్లో ఆమె తమ్ముణ్ణి పిలిచింది. గేటు దాకా వచ్చి, పడుకోవాలా అని అడిగాడు. అక్కర్లేదని ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. దారిలో మాత్రం కుక్కకి ఎవరు పెడుతున్నారని అడిగాడు. ఎవరో ఒకరు పెడతారులే అంది ఆమె. ఆ కుక్క గోల పాతదే. శరణాలయం గేటు దగ్గర కాపలావాడు గొలుసుతో ఒక కుక్కని కట్టేసేవాడు. అమ్మ చేసి తెచ్చిన గసగసాల కొలాచ్‌లలో రాదిమ్ ప్రతిదీ సగం తినేవాడు, మిగతా సగం జేబులో పెట్టుకునేవాడు. కుక్కకి అనేవాడు. వెన్న ఓడ్చుకుంటూ ఆ తీపిరొట్టె ముక్కలు జేబులోకి పోతుంటే హెద్వికాకి ఒళ్ళు మండేది. నువ్వు పొద్దున్నే లేచి పిండి కలిపేది కాపలావాడి కుక్కకా అని అమ్మ మీద ఎగిరేది. ఉన్నంతలో వాడికో తోడు, పోనీలే అనేది అమ్మ. అమ్మ పోయాక హెద్వికా దుకాణంలో కొన్న బిస్కెట్లు తీసుకెళ్ళింది. బిస్కెట్లు రాదిమ్ జేబులో పెట్టుకోలేదు. కుక్కకి నచ్చవన్నాడు.

హాలు గుమ్మంలో బుట్ట నిండా ఉన్ని చెప్పులుంటాయి. పాత చెక్కనేల గీతలు పడకుండా బూట్ల మీద అవి తొడుక్కోవాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు అవి వేసుకుని బాతుల్లా నడుస్తారు. లుబోష్ మాత్రం రెండూ తగిలించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, నేల మీద బారుగా జారుకుంటూ పోయాడు. గోడ తగలగానే తిరిగి ఇంకో వరసలో వచ్చాడు.

"ఇదేంట్రా?" అన్నాడు హినెక్.

"నేల రుద్దుతున్నా. భోంచేశాక అందరం రుద్దాలి. రాదిమ్ సరిగ్గా రుద్దడు. వాడు దొంగ."

ఆ నేల నునుపు గురించి పాఠంలో ఉంది. వియన్నా వడ్రంగి ఒకడు వేశాడట. నిజమే కావచ్చు.

"మంచాలెక్కడ ఉండేవి లుబోష్?" అని అడిగింది బ్లాంకా.

లుబోష్ కిటికీ దగ్గరికి వెళ్ళి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. పైనున్న గోడ మచ్చకేసి చూసుకుని, కాదన్నట్టు తల ఊపి, పక్కకి జరిగాడు. "ఇది నాది," అన్నాడు. లేచి గోడ వెంట నడిచాడు. "ఇక్కడ మిలోష్. రాత్రి తడిపేవాడు. ఇక్కడ లావు పేపా. ఇక్కడ ఎవరూ లేరు, పేపా లావు కదా." నడుస్తూ నడుస్తూ పచ్చరంగు అయిపోయిన చోటు దాటాడు. బొమ్మల గోడ మొదలైంది. హెద్వికాకి అర్థమైంది. ఆ భాగం బ్లాంకా ఎప్పుడో గీకేసింది. అక్కడ మచ్చ లేదు, రంగు లేదు. ఆలస్యమైపోయింది. అయిపోయిందా, సరే అనుకుంది. అంతకన్నా ఏమీ అనుకోలేకపోయింది.

లుబోష్ ఆగి వంగాడు.

"ఇదిగో, రాదిమ్ వాళ్ళ కుక్క."

డేగ పట్టుకున్న దొరసాని పాదాల దగ్గర ఒక వేటకుక్క పడుకుని ఉంది. సన్నటి నడుము, మెడకి ఎర్ర పట్టీ. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. నునుపుదేలిన గోడ, దాని మీద నూనె మెరుపు. వారం రోజులుగా బ్లాంకా దూదితో లాగుతున్నది అక్కడే.

"దీని మీద రంగుండేది కదా లుబోష్," అంది బ్లాంకా నెమ్మదిగా. "కుక్క ఎలా కనబడింది మీకు?"

"రాదిమ్ గోరుతో తీశాడు. ముందు కన్ను వచ్చింది. సిస్టర్ మళ్ళీ రంగేయించింది. వాడు మళ్ళీ తీశాడు. సిస్టర్ వాడి చేతులకి మేజోళ్ళు కట్టింది. పళ్ళతో విప్పుకున్నాడు." లుబోష్ నవ్వాడు. "మా ఎవ్వర్నీ ముట్టుకోనివ్వడు. నిమిరి నిమిరి పడుకుంటాడు. ఆదివారం వాళ్ళమ్మ వస్తే దానికి రొట్టె పెడతాడు. నోటికి రాస్తాడు. అది తినదు. తిన్నదనే వాడు. దొంగ."

బ్లాంకా నేల మీద కూలబడింది. "మూడు నాలుగు పొరల రంగు, ప్రతి పొరా ఇక్కడ మాత్రం గీకేసి ఉంది," అంది. "ఎవరో నాకన్నా ముందే నా పని చేశారనుకున్నాను. చెయ్యి తిరిగిన పనే. ఎక్కడా గోడ పెచ్చు లేవలేదు."

హెద్వికా వంగి చూసింది. కాపలావాడి కుక్క కాదు. అన్ని ఆదివారాలూ రాదిమ్ జేబులో ఆ రొట్టె ముక్క వెన్న ఓడ్చుకుంటూ పైకి వెళ్ళింది ఇక్కడికి. అమ్మనీ తననీ రానివ్వని ఈ గదిలోకి అమ్మ పిసికిన పిండి వచ్చింది, ఈ గోడలోకి ఇంకింది. కుక్కకి ఎవరు పెడుతున్నారని తమ్ముడు అడిగితే ఎవరో ఒకరు అంది తను. ఎవరూ పెట్టలేదు. ఏడుపు వస్తుందేమోనని ఒక నిమిషం అలాగే నిలబడింది. రాలేదు.

"దీనికి ముఖం గియ్యకండి," అంది.

"అదెలా కుదురుతుంది?" అన్నాడు హినెక్. "పెళ్ళికూతురు నిలబడేదే ఇక్కడ. ముఖం లేని కుక్క అపశకునం అంటారు. కావాలంటే ఆ పచ్చరంగు చదరం ఇంకోచోట పెట్టుకో, నేనేం అనను."

"పచ్చరంగు నాకొద్దు."

హినెక్ బ్లాంకా వైపు చూశాడు. బ్లాంకా దూదీ సీసా సర్దుకుంటోంది.

"సాక్షి ఇదే హినెక్ గారూ," అంది. "వెన్న కూడా తియ్యను. తలుపు వెనక అక్కర్లేదు, మిగతాదంతా గీకేస్తాను. మీకు మరీ అపశకునం అనిపిస్తే ముందు పూలకుండీ పెట్టుకోండి."

"పెడతాను. పెద్దదే పెడతాను," అన్నాడు హినెక్.

లుబోష్ డంప్లింగుల వేళ అయిందని చెయ్యి పట్టుకుని లాగాడు. హెద్వికా వాణ్ణి ఇంటి దగ్గర దింపి వచ్చింది.

శనివారం పెళ్ళి బాగానే జరిగింది. ఊరి మేయరు మెడలో హోదా గొలుసు వేసుకుని తంతు చదివాడు. ఆనవాయితీ ప్రకారం గుమ్మంలో పింగాణీ పళ్ళెం పగలగొట్టారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పెంకులు ఊడుస్తుంటే చుట్టాలు కాళ్ళతో చెదరగొట్టి నవ్వారు. హినెక్ మాట నిలబెట్టుకున్నాడు. దొరసాని పాదాల ముందు పెద్ద పూలకుండీ పెట్టించాడు. హెద్వికా అందరికీ ఉన్ని చెప్పులు అందించి, గోడలు ముట్టుకోవద్దని ఎప్పటిలాగే చెప్పింది. పెళ్ళికూతురి తల్లి బుట్టతో వచ్చి చిన్న చిన్న పెళ్ళి కొలాచ్‌లు పంచింది. హెద్వికాకీ ఒకటి ఇచ్చింది. గసగసాలది.

జనం ఫోటోల కోసం కిందికి, వరండాల్లోకి దిగారు. మే నెల కాబట్టి ఇటలీ మేస్త్రీల పని ఆ ఒక్కరోజుకి బాగానే పనికొచ్చింది. హాలులో హెద్వికా ఒక్కతే మిగిలింది. చేతిలో కొలాచ్ ఉంది. మర్యాదకి సగం కొరికింది.

వెన్న తగిలింది. తర్వాత గసగసాలు, నిమ్మతొక్క, అడుగున చిటికెడు ఉప్పు. ఫిబ్రవరి తర్వాత నోటికి రుచి తెలియడం అదే మొదలు. ఆమెకి విపరీతంగా ఆకలేసింది. మిగతా సగం కూడా తినబోయి ఆగింది.

పూలకుండీని పక్కకి జరిపి మోకాళ్ళ మీద కూర్చుంది. కొలాచ్ ముక్కని గోడకి, ముఖం లేని చోట, మెల్లగా రాసింది.

"హెద్వికా," అన్నాడు గుమ్మంలోంచి హినెక్. కుర్చీలు తీయించడానికి వచ్చినట్టున్నాడు. "గోడ ముట్టుకోకూడదు కదా."

"ముట్టుకోవట్లేదు," అంది హెద్వికా. "పెడుతున్నాను."

ఆమె గొంతు అప్పటికే తేడాగా ఉంది. హినెక్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.